డొల్లగా పలికిన చోట

చదవవలసిన భాగం: మత్తయి 4:5–7

ఫస్ట్ షిఫ్ట్ సైరన్ మోగేలోపే రామకృష్ణాపూర్ క్వార్టర్లలో టిఫిన్ డబ్బాలు కట్టడం అయిపోతుంది. కాసిపేట గనికో, కేకే-5 గనికో బయల్దేరే మనిషి కోసం ఇంట్లోవాళ్ళు రోజూ అడిగేది ఒక్కటే, క్షేమంగా తిరిగిరావాలని.

బొగ్గు బాయిలో పని మొదలయ్యే ముందు పైకప్పును కొట్టి చూస్తారు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, పొర విడితే డొల్లగా పలుకుతుంది. పగులు బాగా పైన ఉంటే మాత్రం ఆ దెబ్బకు ఏమీ తెలియదు. అప్పుడే ఎవరో ఒకరంటారు: "నిన్నటి సంది గట్లనే ఉంది అన్నా, ఏం గాలే."

ఆ మాటంటే నాకు భయం. పడని ప్రతి రోజూ మన ధైర్యం పెరుగుతుంది, కప్పు బలం మాత్రం పెరగదు. ఆసరా లేక నిలిచినకొద్దీ రాయి ఇంకా వదులవుతుంది కూడా.

1979లో డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మనిషి గుణం ఒకటి చూపించారు. చిన్న నష్టం ఖాయమని తెలిస్తే, దాన్ని తప్పించుకునే ఆశతో అంతకన్నా పెద్ద నష్టానికి తెగిస్తాడట. బాయిలో భద్రత చూసే సర్దార్ మనుషుల్ని వెనక్కి పిలిస్తే ఆ షిఫ్టు బొగ్గు పోవడం ఖాయం. కప్పు కూలడం మాత్రం "ఏమో". ప్రమాదం కనిపిస్తే మనుషుల్ని తప్పించాలని నిబంధన ఉంది. అయినా ఆ "ఏమో" దగ్గర నోరు తెరవడం ఎంత కష్టమో దిగినవాళ్ళకే తెలుసు.

దేవాలయ శిఖరం మీద యేసుకు ఎదురైన శోధన ఇలాంటిదే. దూకు, దూతలు పట్టుకుంటారన్నాడు శోధకుడు. చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, నమ్మకముంటే దూకొచ్చు కదా అని. ఆ వాగ్దానం లేఖనాల్లో ఉన్నదే. యేసు దాన్ని కాదనలేదు, తండ్రి మాటను పందెంగా ఒడ్డడానికి మాత్రం ఒప్పుకోలేదు. వెనక్కి అడుగేసినా ఆయన విశ్వాసం తగ్గలేదు.

ప్రభువా, ఈ రోజు కప్పు డొల్లగా పలికిన చోట "వెనక్కి రండి" అనడానికి సర్దార్‌కు గొంతు పెగలనివ్వు. విన్నవాళ్ళు అతన్ని పిరికివాడనుకోకుండా చూడు. నైట్ షిఫ్టు వాళ్ళతో సహా అందరినీ ఇల్లు చేర్చు. ఆమేన్.