పొరుగువాని ఎదుట మన స్తుతి

ధ్యాన భాగము: 1 థెస్సలొనీకయులకు 5:14-18



మన పల్లె సంఘములలో ఆరాధనయందు సాక్ష్యమిచ్చు వాడుక ఉన్నది. జ్వరము తగ్గినవారు, ప్రయాణమునుండి క్షేమముగా వచ్చినవారు, పంట ఇంటికి చేరినవారు లేచి నిలిచి దేవుని స్తుతింతురు. ఇది మంచి వాడుక. పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా ఒక్కడే తిరిగి వచ్చెను గదా (లూకా 17). ఆ తొమ్మండుగురివలె మౌనముగా పోవుటకంటె సాక్ష్యమిచ్చుటయే మేలు. అయినను మన సాక్ష్యమును మనము ఒకసారి పరీక్షించుకొనవలెను.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటెను. మన నరసన్నపేటకు ఈశాన్యముననున్న ఉద్దానములో కొబ్బరిచెట్లు వేళ్లతో పెకలి పడెను, జీడితోటలు నేలమట్టమాయెను. కొబ్బరిమొక్క నాటిన ఏడాదికే కాయదు, కాపునకు ఎన్నో యేండ్లు కనిపెట్టవలెను. తండ్రి నాటిన చెట్టు కొడుకునకు అన్నము పెట్టుచుండగా, ఆ అన్నము ఒక్క రాత్రిలో పోయెను.

అట్టి దినమున మన ఇంటికప్పు నిలిచినదని మనము స్తుతింపవచ్చునా? స్తుతింపవలెను. అయితే "మేము ప్రార్థించితిమి గనుక దేవుడు మా ఇంటిని కాపాడెను" అని మనము పలికినప్పుడు, వెనుక చాపమీద కూర్చున్న ఉద్దానపు సహోదరి ఏమనుకొనును? తాను ప్రార్థింపలేదనియా? తనను దేవుడు విడిచెననియా? మనము ఆ తలంపుతో చెప్పి యుండము. కాని ఆమె చెవికి ఆ మాట అట్లే వినబడును.

దేవాలయములో పరిసయ్యుడు చేసినదియు కృతజ్ఞతాస్తుతియే (లూకా 18:11). తాను ఇతరులవంటివాడు కానందుకు అతడు వందనములు చెల్లించెను. అతని నోట స్తుతి ఉన్నది. దూరముగా నిలిచి రొమ్ము కొట్టుకొనుచున్నవానియెడల దయ లేదు. పొరుగువాని కీడు ప్రక్కన పెట్టి మన మేలును కొలుచుకొను స్తుతి ఆ పరిసయ్యుని స్తుతికి తోబుట్టువు.

మరి నిజమైన స్తుతి యేది? హబక్కూకు ప్రవక్తను చూడుడి (3:17-18). చెట్లు, పొలము, మంద, పశువులశాల—నష్టములను ఒక్కొక్కటిగా ఎంచెను. దేనిని దాచలేదు, దేనికిని మంచి పేరు పెట్టలేదు. అంతయు ఎంచిన పిమ్మట దేవునియందు ఆనందించెను. కాబట్టి ఏడ్చువానిని చూచి "ఏడువకుము, స్తుతింపుము" అని గద్దించుటకు మనకు అధికారము లేదు. అతని నోట స్తుతి పుట్టువరకు అతని ప్రక్కన కూర్చుండుట మన పని.

మనము పాడు కీర్తనలలో అనేకములను రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) బ్రాహ్మణ కుటుంబమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో అట్టి ఇంటివారు బాప్తిస్మము పొందుట యనగా కులగౌరవమును వదలుకొనుటయే. ఆయన కీర్తనలు లోకలాభము లెక్కించుకొన్నవాని పాటలు కావు.

పౌలు 18వ వచనములో కృతజ్ఞత చెల్లింపుమని చెప్పుటకు ముందే, 14వ వచనములో ధైర్యము చెడినవారిని ధైర్యపరచుమనియు, బలహీనులను ఆదుకొనుమనియు చెప్పెను. ఈ రెంటిని మనము విడదీయరాదు.

మన తల్లులు ఎసటిలో బియ్యము పోయకముందే ఒక పిడికెడు తీసి దేవునికని వేరుగా ఉంచుదురు. అది మిగిలినది కాదు, ముందుగా తీసినది. ఆ పూట ఎవరికంటె తనకు ఎక్కువ కలదో ఆ తల్లి లెక్క చూడదు. అన్నము దేవుడిచ్చినదని ఆమె చేయి చెప్పును. మన స్తుతియు అట్టిదై, నోటితోపాటు చేతిని కూడ తెరువవలెను.

మరల గాలివాన వచ్చి, మరల మన కప్పు నిలిచినయెడల, సంఘములో లేచి ఇట్లు సాక్ష్యమిత్తము: "దేవుని దయవలన మా కప్పు నిలిచినది, కప్పు పోయినవారికి ఈ రాత్రి మా ఇంట చోటు ఉన్నది." అట్టి స్తుతిని ప్రభువు మనకు నేర్పును గాక. ఆమేన్.