సాయంకాలపు భోజనము



నాట్లు వేసి ప్రొద్దుగూకి ఇల్లు చేరిన తల్లి, నడుము వాల్చకయే పొయ్యి ముట్టించును. అన్నము, కూర దిగులోపల పిల్లలు ఆకలితోనే నిద్రపోవుదురు. పురుషులమైన మనము అరుగుమీద కూర్చుండి పిలుపుకొరకు కనిపెట్టుచుందుము. బోధకులమైన మేమును ఆలాగు కూర్చున్నవారమే.

యోహాను సువార్త 21వ అధ్యాయము చూడుడి. రాత్రియంతయు వలలు వేసి అలసిన శిష్యులకొరకు ప్రభువే నిప్పులమీద చేపలు, రొట్టె సిద్ధపరచెను. అది గొప్ప విందు కాదు. అయినను అలసినవారికి అది చాలెను.

పెసరపప్పు నానబెట్టకపోయినను త్వరగా ఉడుకును. బియ్యముతో కలిపి ఒకే కుండలో వండి, దించుటకు కొంచెము ముందు గుప్పెడు మునగాకు వేసినయెడల బలమైన ఆహారమగును. ముందు ఇల్లు చేరినవారు, పురుషుడైనను, పొయ్యి వెలిగించవలెను. పిల్లలు మేలుకొని యుండగానే అందరము కలిసి కూర్చుండి, స్తోత్రము చెల్లించి భుజింతము.

ప్రభువు మన గృహములను దీవించును గాక. ఆమేన్.