నిత్యకర్మకు జమ ఉంటుందా?

మనిషికి రోజుకు ఎంత తిండి కావాలో, మనం తినే పప్పులో అన్నంలో ఎంత శక్తి ఉందో ఈ దేశానికి లెక్క కట్టి చెప్పే జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదులోని తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో ఇక్కడికి చేరింది. దాని పొరుగున ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1918లోనే. ఆ ఆవరణలో సంస్కృత అకాడమీ కూడా ఉంది కాబట్టి, ఒక పక్క క్యాలరీల లెక్క, మరో పక్క కర్మఫలాల లెక్క చూసే శాస్త్రాలు ఇరుగుపొరుగున ఉన్నాయన్నమాట. ఈ రెండింటికీ చెందిన ప్రశ్న ఒకటి ఇక్కడి రోడ్ల మీదే కనిపిస్తుంది. తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ ముందు బూట్లు బిగించి చేతులూపుతూ నడిచేవాళ్ళది వ్యాయామం. అదే వేళకు లాలాపేట నుంచి తార్నాక అపార్ట్‌మెంట్లకు అంట్లు తోమడానికి వచ్చే ఆమె నడకను ఏమనాలి? ఫోను రెండింటినీ అడుగులుగానే లెక్కపెడుతుంది. తిండి లెక్క రాసుకునేవాళ్ళ సందేహం కూడా ఇలాంటిదే. మెట్లెక్కడం, ఇల్లు తుడవడం, కూరగాయల సంచీ మోసుకురావడం వ్యాయామం ఖాతాలో రాసుకుని, ఆ మేరకు ఇంకాస్త తినవచ్చునా? ఎలాగూ చేయవలసిన పనికి విడిగా ఫలం అడగవచ్చునా అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

దీని మీద వేదకర్మల అర్థాన్ని విచారించే మీమాంసకులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. స్వర్గమో సంతానమో కోరి చేసేది కామ్యకర్మ. దానికి ఫలం ఉంది. సంధ్యావందనం వంటిది నిత్యకర్మ. అది చేసినందుకు విడిగా పుణ్యం జమ కాదని, చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం, తగులుతుందని ఒక బలమైన పక్షం. తెలుగునాట ఎన్నో కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ ధర్మసూత్రం కొంచెం మెత్తగా చెబుతుంది: పండు కోసం నాటిన మామిడి నీడనూ పరిమళాన్నీ కూడా ఇచ్చినట్టే, ధర్మం ఆచరించేవాడికి లౌకిక ప్రయోజనాలు వెంట వస్తాయట. వస్తే రానీ, వాటి కోసం చేయకు అని దాని భావం. రోజువారీ పనుల్లో ఖర్చయ్యే క్యాలరీలు ఈ కోవలోవే అని నా అభిప్రాయం. అవి నిజంగానే ఖర్చవుతాయి, శరీరానికి మేలూ చేస్తాయి. కానీ వాటిని చూపించి తిండి దగ్గర అదనపు హక్కు అడగడం కుదరదు.

ఎందుకు కుదరదో పోషకాహార సంస్థ పట్టికే చెబుతుంది. 2020 నాటి సిఫారసుల ప్రకారం 55 కిలోల స్త్రీకి కూర్చుని గడిపే జీవనమైతే రోజుకు 1660 కిలోక్యాలరీలు, ఒక మోస్తరు శ్రమ అయితే 2130, బరువు పని అయితే 2720 కావాలి. 65 కిలోల పురుషుడికి ఇవే 2110, 2710, 3470. నిద్రలోనూ ఆగని ప్రాథమిక ఖర్చును రోజంతటి కదలికల స్థాయితో హెచ్చవేస్తే ఈ అంకెలు వస్తాయి. లేవడం, వండటం, ఉతకడం, బస్సు కోసం నడవడం అన్నీ ఆ హెచ్చవేతలో ముందే కలిసి ఉన్నాయి. ఒక మోస్తరు శ్రమ అని 2130 తీసుకుని, సాయంత్రం ఇల్లు తుడిచినందుకు మరో వంద కలుపుకుంటే ఒకే పనికి రెండు కూలీలు తీసుకున్నట్టే. ఫోను చూపే అంకెలోనూ ఈ రెట్టింపు దాక్కుని ఉంటుంది. 65 కిలోల మనిషి అరగంట మామూలుగా నడిస్తే సుమారు 114 కిలోక్యాలరీలు ఖర్చని సాధారణ సూత్రం. అయితే ఆ అరగంట ఊరికే కూర్చున్నా దాదాపు 32 ఖర్చయ్యేవి. నడక తెచ్చిన అదనం 80 చిల్లర. ఇరానీ చాయ్‌తో నాలుగు ఉస్మానియా బిస్కెట్లు లాగించేవారికి ఆ ఎనభై ఏ మూలకు?

అయితే నిత్యకర్మ చేయకపోతే దోషం తగులుతుందన్న వాదానికి ఆదిశంకరులే ఒక చిక్కు పెట్టారు. చేయకపోవడం అంటే ఏమీ లేకపోవడం కదా, లేని దాని నుంచి ఉన్న దోషం ఎలా పుడుతుంది అని ఆయన గీతాభాష్యంలో అడుగుతారు. మోక్షశాస్త్రంలో ఆ ప్రశ్నకు తిరుగులేకపోవచ్చు. శరీరం విషయంలో మాత్రం 1966లో అమెరికాలోని డాలస్‌లో జరిగిన పరీక్ష వేరే జవాబు ఇచ్చింది. ఇరవయ్యేళ్ళ ఆరోగ్యవంతులైన ఐదుగురిని మూడు వారాలు మంచం దిగకుండా పడుకోబెడితే, శరీరం ప్రాణవాయువును వాడుకునే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే మనుషులను పరీక్షిస్తే, వయసు తీసుకుపోయినది ఆ మూడు వారాలు తీసుకుపోయినంత లేదు! శరీరంలో నిష్క్రియ శూన్యం కాదు, అదీ ఒక స్థితే, దానికీ ఫలం ఉంది. ఒక్క క్షణమైనా ఎవడూ కర్మ చేయకుండా ఉండలేడని, కర్మ మానేస్తే శరీరయాత్ర కూడా సాగదని గీత మూడో అధ్యాయం చెప్పేది ఇందుకు దగ్గరగా ఉంది. కాబట్టి రోజువారీ పని విలువను అది తెచ్చే జమలో కాక, మానేస్తే పడే నష్టంలో చూడాలి. మిక్సీ, వాషింగ్ మెషిన్, లిఫ్టు, ఇంటి గుమ్మం దాకా వచ్చే సరుకులు మన నిత్యకర్మలను ఒక్కొక్కటే తీసేసుకున్నాక, ఆ ప్రత్యవాయానికి ప్రాయశ్చిత్తంగానే కదా క్యాంపస్ రోడ్ల మీద ఉదయపు నడకలు మొదలైనవి!

గట్టి ఆక్షేపణ వేరే ఉంది. షోకుకు నడిచేవాడిది వ్యాయామం, పొట్టకూటికి నడిచే ఆమెది కాదా? ఇది శ్రమను చిన్నచూపు చూడటం కాదా? మన వైద్య గ్రంథాలే ఇక్కడ ఒక్క మాట మీద లేవు. శరీరానికి ఆయాసం కలిగించే పనంతా వ్యాయామమే అన్నట్టు సుశ్రుతం నిర్వచిస్తే, దార్ఢ్యం కోసం, బలం కోసం మితంగా చేసే చేష్ట అన్నట్టు చరకం ప్రయోజనాన్ని ముందుకు తెస్తుంది. సుశ్రుతం పక్షానికి ఆధునిక సాక్ష్యమూ ఉంది. 1953లో జెరెమీ మోరిస్ బృందం లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పోల్చి చూస్తే, కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లు చేసింది ఉద్యోగమే.

నేను కాదనను. శ్రమను తప్పకుండా లెక్కించాలి, కానీ లెక్కించవలసిన చోట. నాలుగిళ్ళలో పనిచేసే ఆమెను కూర్చునే జీవనం గడిలో పెట్టి, పైన వ్యాయామం పేరుతో నాలుగు క్యాలరీలు విదిలించడమే అసలు అవమానం. ఆమెకు న్యాయంగా రావలసిన గడిలో పెడితే రోజుకు కనీసం 470 కిలోక్యాలరీల తేడా అక్కడే తేలుతుంది. ఇక, నీ పనే నీకు వ్యాయామం అని ఆమెతో అనేవాళ్ళు మరో సంగతి మరిచిపోతారు. వ్యాయామం సగం బలంతోనే చేయాలి అన్నారు సుశ్రుతుడూ, మరో ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడూ. సగం బలం దగ్గర ఆగే స్వేచ్ఛ వాకింగ్‌కు వచ్చినవాడికి ఉంది, ఆమెకు లేదు. తీరిక వేళ శ్రమ గుండెకు మేలు చేస్తుంటే, ఉద్యోగంలో రోజంతా చేసే బరువు పని అంత మేలు చేయకపోగా కొన్నిచోట్ల ముప్పు పెంచుతున్నట్టు డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ వంటి పరిశోధకులు చూపుతున్నారు. పేదరికం, పొగతాగడం వంటి కారణాలను అందులోంచి పూర్తిగా వేరుచేయగలిగారా అన్న వాదన సాగుతూనే ఉంది. అయినా విశ్రాంతి లేని శ్రమను వ్యాయామమని పిలిచి సరిపెట్టడం తప్పని చెప్పడానికి ఆ మాత్రం అనుమానం చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రతి కదలికా లెక్కలోకే వస్తుందని, కనీసం పది నిమిషాలు ఏకధాటిగా ఉండాలన్న పాత షరతు అక్కరలేదని చెప్పింది కదా అంటారు. నిజమే, ఇంటిపనీ నడిచి వెళ్ళడమూ అందులో చేరతాయి. కానీ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఒక మోస్తరు శ్రమ అని ఆ సంస్థ చెప్పింది ఆరోగ్యం కోసం. తిండికి అనుమతిగా కాదు. మెట్లెక్కితే గుండె సంతోషిస్తుంది, ఆ సంతోషానికి మిర్చి బజ్జీల రేటు కట్టడం మన కల్పన.

తిండి లెక్క రాసుకునేవారు ముందుగా తమ జీవనం ఏ గడిలోదో నిజాయితీగా ఎంచుకోండి. ఇంటిపనీ, మెట్లూ, బస్టాపు దాకా నడకా అక్కడితో లెక్కకొచ్చేశాయి. వాటిని మళ్ళీ రాయకండి, మానేయకండి కూడా.