కర్త, కరణం, గుర్రం

వీరరసానికి స్థాయిభావం, అంటే రసానికి ఆధారమై చివరిదాకా నిలిచే భావం, ఉత్సాహమే గాని క్రోధం కాదని ఆలంకారికుల నిర్ణయం; సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు ఆ వీరాన్ని దాన, ధర్మ, యుద్ధ, దయా భేదాలతో నాలుగుగా విభజించాడు. ఈ నాలుగింటిలో దేనిలోనూ సులువుగా ఇమడని వీరం ఒకటి 1917 డిసెంబరు 1న ఉత్తర ఫ్రాన్సులోని పెజియేర్ దగ్గర కనిపిస్తుంది.

కాంబ్రై యుద్ధంలో శత్రువుల మధ్య చిక్కుకున్న సెకండ్ లాన్సర్స్ అనే ఆశ్విక దళానికీ దాని బ్రిగేడు కేంద్రానికీ నడుమ వార్తలు మోయడానికి, జోధ్‌పూర్ సంస్థానపు రాజపుత్రుడు, లాన్స్ దఫేదారు అనే చిన్న హోదాలో ఉన్న గోవింద్ సింగ్ తనంత తాను మూడుసార్లు ముందుకు వచ్చాడు. దూరం మైలున్నర, చాటులేని నేల, దానిమీద ఎడతెగని కాల్పులు. మూడుసార్లూ గుర్రం తూటా దెబ్బ తిన్నది. మూడుసార్లూ అతడు మిగిలిన దారి కాలినడకన వెళ్లి వార్త అందించాడు. భారతీయ సైనికులకు 1911 నుంచి మాత్రమే అర్హత దక్కిన విక్టోరియా క్రాస్ అతనికి లభించింది.

ఈ పనిలో చంపడమన్నది లేదు. మొదటి ప్రయాణాన్ని తెగువ అని సరిపెట్టుకోవచ్చునేమో గాని, దారిలో ఏముందో రెండుసార్లు చూసివచ్చినవాడు మూడోసారి బయలుదేరడాన్ని ఆ మాటతో వివరించలేము. పాణిని వ్యాకరణం కర్తను స్వతంత్రుడని, క్రియాసిద్ధికి అన్నిటికంటె ఎక్కువగా తోడ్పడే సాధనాన్ని కరణమని నిర్వచిస్తుంది. పరాయి సామ్రాజ్యం చేసే యుద్ధంలో సిపాయి కరణమే. అయితే ఆజ్ఞ లేనిచోట తానే పూనుకున్న ఆ మైలున్నర మేరకు గోవింద్ సింగ్ కర్త అయ్యాడు.

గుర్రాలకు ఆ అవకాశం లేదు. సైంధవుణ్ణి సూర్యాస్తమయంలోగా వధిస్తానని పట్టిన శపథం నెరవేర్చవలసిన రోజున కూడా అర్జునుడు రణమధ్యంలో రథం ఆపించి, నేలను బాణంతో చీల్చి నీరు రప్పించగా, కృష్ణుడు గుర్రాలను విప్పి, ఒంటిలో నాటుకున్న బాణాలు పెరికి, కడిగి, నీరు తాగించినట్లు ద్రోణపర్వం చెబుతుంది. అంత తొందరలో కథ అక్కడ ఆగడం కేవలం అలంకారం కోసమని అనుకోలేము. పెజియేర్‌లో అలాంటి విరామానికి వ్యవధి లేకపోయింది. పతకంతో వెలువడిన ప్రశస్తిలో ఆ గుర్రాల ప్రస్తావన ఒక్క ఉపవాక్యంలో, రౌతు దాటిన ఆటంకంగా మాత్రమే వస్తుంది.