ఇల్లు తనది, నేల పరునిది

గృహమనగా రెండు వస్తువుల కలయిక. గోడలు, కప్పు, తలుపులు మొదలగు కట్టడము మొదటిది. ఆ కట్టడము నిలిచియున్న చోటు రెండవది. సాధారణముగా ఈ రెండును ఒకే చేతిలో నుండును గనుక మానవుడు వాటిని విడదీసి చూడడు. ఇల్లు కొన్నవాడు నేలయు తనదైనదనియే తలచును. కాని ఈ రెండును వేర్వేరు చేతులలో నుండు సందర్భములు లోకమున లేకపోలేదు. అట్టిచోట ఒక ధర్మసందేహము కలుగును. కట్టడము తనదై, నేల పరునిదైనపుడు దానిని తన యిల్లని ఎంతవరకు చెప్పుకొనవచ్చును? ఆ నేలగలవానికి ఆ యింటివానియెడల కర్తవ్యమేమైన కలదా?

ఈ సందేహమునకు నీటిమీది యిల్లు స్పష్టమైన దృష్టాంతము. కాశ్మీర దేశమున, శ్రీనగరములోని దాల్ సరస్సుపై హౌస్‌బోటులను చూచినవారు, వాటి అందమునుగూర్చి విన్నవారు అనేకులు కలరు. అవి ఎట్లు పుట్టినవో ఎరిగినవారు కొలదిమంది. 19వ శతాబ్దపు చివరిభాగమున డోగ్రా ప్రభువుల పాలనలో పరదేశీయులకు అచట భూమిని సొంతము చేసికొనుటకు వీలులేకుండెను. వేసవి గడుపుటకు వచ్చిన ఆంగ్లేయులు నేల దొరకక నీటినాశ్రయించి, పడవలపై ఇండ్లు కట్టించుకొనిరి. నేలపై హక్కులేనివారికి నీరు తావిచ్చినది. అయినను ఆ పడవ కదలక నిలుచుటకు గట్టుపై ఒక గుంజయు, దానికి మోకు కట్టుకొను అనుమతియు కావలసియే వచ్చెను. నేలను పూర్తిగా విడిచి బ్రతుకుట నీటిమీద కూడ సాధ్యము కాలేదు.

పడవయింటిని కొనువానికి చిక్కంతయు ఈ గుంజ దగ్గరనే యున్నది. పడవకు వెల చెల్లించి రశీదు పొందుట తేలిక. కాని దానిని కట్టివేయు రేవు వేరొకరిది. ఆ రేవువారి అనుమతి ఒక ఏటికా, పదియేండ్లకా? అది కాపురముండుటకా, లేక పడవను నిలుపుకొనుటకు మాత్రమేనా? పడవ చేతులు మారినపుడు అనుమతియు కొన్నవానికి సంక్రమించునా? పొమ్మనునపుడు ఎన్నిదినముల గడువు ఇత్తురు? ఈ ప్రశ్నలకు వ్రాతపూర్వకమైన ఉత్తరము లేనిచో కొన్నవానికి దక్కునది తేలు వస్తువేగాని ఇల్లు కాదు. 2000 సంవత్సరమున ఇంగ్లండు దేశపు అప్పీలు న్యాయస్థానము ఇట్టి వివాదమునే విచారించెను. నీటి గొట్టములును, విద్యుత్తు తీగలును అమర్చబడి, మోకులతో కట్టబడిన పడవయింటిలో కిరాయికున్నవాడు, ఇంటి కిరాయిదారులకు చట్టమిచ్చు రక్షణ తనకును కలదని వాదించెను. పడవ నేలలో భాగము కాలేదు గనుక ఆ రక్షణ దానికి వర్తింపదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. మనుష్యుడు అందులో వండుకొని తిని నిద్రించినను, చట్టము కంటికి అది ఇల్లు కాలేదు.

ఇవి ఎచటనో యున్న పడవల సంగతులు, మనకేమి పని అని తలచరాదు. సికింద్రాబాదు నగరమునందే నేలమీద నిలిచిన పడవలవంటి ఇండ్లు కలవు. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి పిమ్మట కంపెనీ సైన్యము హుస్సేన్ సాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో ఆ దండు విడిదికి మూడవ నిజామగు సికందర్ జా పేర సికింద్రాబాదని పేరువచ్చెను. సైన్యాధికారులకు నివాసములు కావలెను. కంపెనీవారు నేలను అమ్మలేదు. ఇల్లు కట్టుకొనుటకు మాత్రము అనుమతించిరి. ఇట్టి ఏర్పాటునకే కంటోన్మెంటులలో "ఓల్డ్ గ్రాంటు" అని పేరు.

ఈ పద్ధతికి మూలముగా చెప్పబడునది 1836 నాటి గవర్నరు జనరలు ఉత్తర్వు, సంఖ్య 179. అది బెంగాలు సైన్యపు దండులకై వెలువడినది. బొంబాయి, మద్రాసు సైన్యముల దండులలోను ఇంచుమించు ఇట్టి నిబంధనలే నడచినవి. వాటి సారాంశమిది: నేల ప్రభుత్వమునది, దానిపై కట్టిన బంగళా కట్టుకొన్నవానిది. ప్రభుత్వము ఎప్పుడు కోరినను నెలదినముల నోటీసునిచ్చి, అనుమతి పొంది కట్టిన కట్టడములకు విలువ చెల్లించి, నేలను తిరిగి తీసికొనవచ్చును. నేలకు వెల కట్టరు. ఇంటిని పరులకు ఇచ్చుటకును అధికారుల సమ్మతి అవసరము.

ఆంగ్లేయులు పోయిరి, నిజాము రాజ్యము పోయినది, కాని ఆ నిబంధన నిలిచినది. నేడు కంటోన్మెంటు పరిపాలన 2006 నాటి కంటోన్మెంటుల చట్టము ననుసరించి జరుగుచున్నది. భూముల వివరములు జనరల్ లాండ్ రిజిస్టరులో తరగతులవారీగా వ్రాయబడియుండును. బి-3 అను తరగతిలోని నేల పౌరుల అనుభవములో నున్నను, దానిపై యాజమాన్యము కేంద్రప్రభుత్వమునదే. తిరుమలగిరి, బొల్లారము మొదలగు ప్రాంతములలో మామిడి, చింత చెట్ల నీడలోనున్న పాత బంగళాలను చూచి ముచ్చటపడు బాటసారికి ఈ సంగతి తెలియదు. ఎత్తైన ప్రహరీగోడ స్థిరత్వమునకు గుర్తువలె కనబడును. ఆ గోడ క్రిందినేల మాత్రము అనుగ్రహముపై నిలిచియున్నది.

ఇట్టి యింటిని అమ్మువాడు, కొనువాడు, నేలగలవాడు, ఈ ముగ్గురికిని వేర్వేరు ధర్మములు కలవు.

అమ్మువాని ధర్మము సత్యము. పాతబడిన గోడలకును, ఉలుకు పట్టిన దూలములకును విలువ స్వల్పము. కొనువాడిచ్చు పెద్ద మొత్తము నిజముగా చోటును చూచి ఇచ్చునదే. అట్టిచో, అమ్ముటకు తనకధికారము లేని నేలకు వెల పుచ్చుకొని మౌనము వహించుట కల్లలాడుట కాదా? అడుగలేదు గనుక చెప్పలేదనుట వర్తకుని మాటగా చెల్లవచ్చునేమోగాని శరణుని మాటగా చెల్లదు. కాయకము శుద్ధముగా నుండవలెనని బసవేశ్వరుడు బోధించెను. మౌనముచే వచ్చిన ధనమును దాసోహమునకు వెచ్చించినను అది శుద్ధము కానేరదు.

కొనువాని ధర్మము విచారణ. జీవితమంతయు కూడబెట్టిన సొమ్మును, భార్యాబిడ్డల నీడను ఒక్క కాగితముపై నుంచువాడు ఆ కాగితమును పూర్తిగా చదువవలెను. రిజిస్టరులో ఆ నేల ఏ తరగతికి చెందినది, ఎవరి పేరున్నది, హస్తాంతరమునకు అనుమతి వచ్చినదా, కట్టడములు అనుమతితో కట్టినవేనా అని తెలిసికొనవలెను. "ఇన్నేండ్లుగా ఎవరును అడుగలేదు" అను మాట హక్కు కాదు. అడుగవలసినవాడు ఇంకను అడుగలేదని మాత్రమే దాని అర్థము.

నేలగలవాని ధర్మము వీటికంటె సూక్ష్మమైనది. ఇచటనే వేదాంతము మాటాడు ఒక పెద్దమనిషి అడ్డువచ్చి ఇట్లనవచ్చును: "దేహమే అద్దెకొంప. ప్రాణమునకే నోటీసులేదు. స్థావరము నశించును, జంగమమునకు నాశము లేదని మన మతమే చెప్పుచున్నదిగదా! అట్టిచో ఇల్లు పోయెనని ఏడ్చుట ఎందులకు?"

ఈ మాటలో సత్యమున్నది. ఇష్టలింగమును దేహముననే ధరించు భక్తునకు దేవుడు రాతిగోడల నడుమ బందీ కాడు. ఎచటికేగిన అచటనే పూజ సాగును. కాని ఆ సత్యము ఎవరి నోట పలుకుచున్నదో గమనింపవలెను. వైరాగ్యము తనకై తాను స్వీకరించునది. పరునికి విధించునది కాదు. జంగముడు తన యిచ్చచే సంచరించును. గెంటివేయబడినవాడు తన యిచ్చచే కదలుట లేదు. ఇద్దరును త్రోవపైనే యున్నారు గనుక ఇద్దరును జంగములే యనుట మాటల గారడి. 12వ శతాబ్దమున కల్యాణమున కల్లోలము చెలరేగినపుడు శరణులు ఇల్లు వాకిళ్లు విడిచి నలుదిక్కులకు చెదరిపోయిరి. చెన్నబసవన్న మొదలగువారు ఉళవికి చేరిరి. వారు లింగనిష్ఠను విడువలేదు. అంతమాత్రమున వారిని తరిమినవారు న్యాయము చేసిరని సంప్రదాయమున ఎవరైన చెప్పిరా? ఓర్చుకొన్నవాని గొప్పతనము బాధించినవాని దోషమును కడుగదు.

కావున నేలగలవాడు వేదాంతమును తనకుంచుకొని, ఎదుటివానికి గడువునీయవలెను. నెలదినములలో సంసారమును పెకలించి మరియొకచోట నాటుట సాధ్యమా? బిడ్డల చదువు, వృద్ధుల వైద్యము, ఇరుగుపొరుగుల ఆదరము, ఇవి కట్టడపు విలువలో చేరవు. దేశరక్షణకై నిజముగా నేల అవసరమైనచో తీసికొనుట రాజధర్మమే. ఆ అవసరమును తెలియజెప్పుట, తగిన వ్యవధినిచ్చుట, సరియైన పరిహారమిచ్చుట కూడ రాజధర్మమే. తిరిగి తీసికొను అధికారము నిబంధనచే సంక్రమించినది; దానిని దయతో వాడుట మాత్రము మనుష్యునిపై ఆధారపడియున్నది.

ఈ విచారము ప్రభుత్వమునకే పరిమితము కాదు. మఠములకును భూములు కలవు. దాతలిచ్చిన నేలలపై తరతరములుగా పేదలు గుడిసెలు, దుకాణములు వేసికొని, ఏటేట కొంత పన్ను చెల్లించుచు బ్రతుకుచున్న చోట్లు అనేకము. కట్టడము వారిది, నేల మఠమునది. 1987 నాటి ధర్మాదాయ చట్టము ననుసరించి ముందస్తు అనుమతి లేక మఠపు స్థిరాస్తిని అమ్ముటకు వీలులేదు. మఠాధిపతి ఆస్తికి రక్షకుడేగాని యజమాని కాడు. కాబట్టి నేలను పోగొట్టుకొనుట ధర్మము కాదు. అట్లని అందున్నవారిని ఏటికేడు అనుమానమున ఉంచుటయు ధర్మము కాదు. షరతులను వారికి తెలిసిన భాషలో వ్రాసియిచ్చుట, గడువును స్పష్టముగా చెప్పుట, తీసిన పన్నుకు రశీదునిచ్చుట, లేచిపొమ్మనవలసి వచ్చినచో ముందుగా మరియొక తావు చూపుట, ఇవి మఠము చేయదగిన దాసోహములు. అన్నము పెట్టుట ఒక పూటకు. నిలుచుటకు చోటిచ్చుట ఒక తరమునకు.

ప్రతి కుటుంబమును తన యింటిపత్రములను ఒకసారి తీసి చూచుకొనవలెను. నేల ఎవరిదో, ఏ షరతుపై దక్కినదో బిడ్డలకు చెప్పవలెను. తన నేలపై మరియొకని గుడిసె యున్నచో వానికిని ఆ మాటనే దాచక చెప్పవలెను.