పిలిచే ముందు

పాయకరావుపేటలో సెలవులొస్తే పిల్లలు విశాఖ అంటారు. విశాఖ అంటే భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు కూడా. సినిమాల్లో చూసిన చోటాయె! వేల ఏళ్ళుగా గాలీ, సముద్రమూ పోగుచేసిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. 2025లో తిరుమల కొండలతోపాటు యునెస్కో తాత్కాలిక జాబితాకీ ఎక్కింది. ఇక జనం రాకుండా ఉంటారా? వస్తే నాలుగు కుటుంబాలకి కూడు దొరుకుతుంది, కాదనను.

కానీ అది గట్టి రాయి కాదు. వాన కోసిన గట్టు మీద పిల్లాడు సరదాగా జారితే, ఆ గట్టు మళ్ళీ రాదు. అందరి సొత్తూ అంటే ఎవరిష్టం వారిదనా? అమ్మమ్మ పట్టుచీరని ఇంటిల్లిపాదీ చూసి మురుస్తాం. తలో ముక్కా చింపుకోం కదా! పెళ్ళికి విస్తళ్ళ లెక్క చూసుకోకుండా శుభలేఖలు పంచం. ఆ దిబ్బలు ఎందరిని మోయగలవో, ఎక్కడ నిలబడి చూడాలో తేల్చుకున్నాకే జనాన్ని పిలవడం మర్యాద.