కరిగే కొండ ముందు వైరాగ్యం

1955లో గంగోత్రి నుంచి బదరీనాథ్‌కు మంచు మీదుగా బయల్దేరిన ఎనిమిది మంది బృందాన్ని కాళిందీ కనుమ దారిలో ఉన్నట్టుండి మంచు తుఫాను చుట్టుముట్టింది. ఆ కనుమ 19,510 అడుగుల ఎత్తున ఉంది. ఆ ఎనిమిది మందిలో ఒకరు మన నెల్లూరు జిల్లాలో 1926లో పుట్టిన తెలుగువారు. 1948లో గంగోత్రి చేరి, కేరళ నుంచి వచ్చిన తపోవన మహారాజ్‌ను గురువుగా సేవించి, తర్వాత స్వామి సుందరానందగా పేరు పొందారు. తుఫాను నుంచి బతికి బయటపడ్డాక ఆయన 25 రూపాయలు పెట్టి ఒక కెమెరా కొన్నారు.

ఆ దారి గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గంగోత్రి గుడి దగ్గర మొదలై భోజ్‌వాసా మీదుగా 18 కిలోమీటర్లు నడిస్తే గోముఖం. భాగీరథి మంచు గుహలోంచి బయటికి దూకేది అక్కడే. మామూలు యాత్రికులు అంతవరకు వెళ్లి తిరిగొస్తారు. దాని పైన గంగోత్రి హిమానీనదం, దాదాపు 30 కిలోమీటర్ల పొడవున. హిమానీనదం అనగానే తెల్లగా మెరిసే మైదానం మనసులో మెదులుతుంది. అక్కడ కాలి కింద తగిలేవి మాత్రం కొండలు రాల్చిన బండలు, మట్టి, కంకర. వాటి అడుగున మంచు కంటికి తెలియకుండా కిందికి జారుతూనే ఉంటుంది. నందనవనం దాటితే చతురంగి హిమానీనదం, ఆ తర్వాత వాసుకీ తాల్ చెరువు, ఆపైన కాళిందీ. కొత్తగా కురిసిన మంచు పగుళ్లను కప్పేసిన చోట జట్టంతా ఒకే తాడుకు కట్టుకుంటారు. ముందున్న మనిషి కర్రతో పొడిచి చూసి అడుగు వేస్తే, వెనకవాళ్లు ఆ అడుగులోనే అడుగు పెడతారు. ఒకరు పగులులోకి జారితే మిగతావాళ్ల బరువే ఆ మనిషిని ఆపాలి.

కనుమకు అవతల దిగుడు. అర్వా లోయ వెంట వస్తుంటే రాళ్ల మధ్య గడ్డి మొదలవుతుంది. ఘస్తోలి దగ్గర అర్వా ఏరు సరస్వతిలో కలుస్తుంది. సరస్వతి మాణా గ్రామం దగ్గర అలకనందలో కలుస్తుంది. అక్కడికి బదరీనాథ్ కూతవేటు దూరం. భాగీరథి, అలకనంద ఎంతో దిగువన దేవప్రయాగలో కలిసి గంగ అవుతాయి. సుమారు 100 కిలోమీటర్ల ఈ నడక ఆ రెండు నదులనూ పుట్టింటి దగ్గరే కలుపుతుంది.

సుందరానంద ఆ కెమెరాను వదల్లేదు. ఒకటి పోతే మరొకటి సంపాదించి, యాభై ఏళ్లకు పైగా శిఖరాలను, పూలను, మంచును ఫొటోలు తీశారు. అవి లక్షకు మించి ఉంటాయని చెబుతారు. 2001లో వాటిలో కొన్నింటితో పెద్ద పుస్తకం వచ్చింది. ఒకే చోట నిలబడి ఏళ్ల తరబడి తీసిన బొమ్మల్లో ఆయన కోరి వెతకని విషయం ఒకటి బయటపడింది: మంచు తగ్గిపోతోంది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఆడెన్ 1935లో గోముఖం ఎక్కడుందో కొలిచి పటం గీశారు. అప్పటి నుంచి ఆ మంచు ముఖం ఏటా సగటున 20 మీటర్ల వరకు వెనక్కి జరుగుతూ వచ్చింది. 2020 డిసెంబరులో కన్నుమూసేదాకా స్వామి ఈ సంగతిని వినే ప్రతివాళ్లకూ చెబుతూనే ఉన్నారు.

అసలు చిక్కు ఇక్కడే. భగవద్గీత పదో అధ్యాయంలో కృష్ణుడు, కదలని వాటిలో తాను హిమాలయాన్నని చెబుతాడు. ఆ కదలని కొండ ఒంటి మీది మంచు ఇప్పుడు కరిగి తరిగిపోతోంది. మరోవైపు, పుట్టిందంతా పోయేదేనని, దాని మీద మమకారం పెంచుకోవద్దని సన్యాసికి నేర్పేదీ ఆ శాస్త్రమే. ఇల్లు, ఊరు, పేరు వదిలేసిన మనిషి ఒక మంచు గడ్డ కోసం ఇంతగా తపించవచ్చునా? ఫొటో తీసి దాచుకోవడం కూడా ఒక ఆస్తి కాదా? ఇది తేలిగ్గా తోసేయదగిన ప్రశ్న కాదు. శ్రద్ధగా వేదాంతం చదివినవాళ్లు నిజాయితీగా అడగగలిగిన ప్రశ్న.

కర్ణాటకలోని రాయచూరు జిల్లా తుర్విహాళలో ఉన్నవాళ్లకు ఇదంతా మరీ దూరపు సంగతిగా తోచవచ్చు. తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు చుట్టుపక్కల క్యాంపుల్లో, ఆంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు వరి పండిస్తున్నాయి. ఆ కాలువలో హిమాలయపు మంచు నీరు ఒక్క చుక్క కూడా లేదు. తుంగ, భద్ర రెండూ పడమటి కనుమల వానలతో పుట్టి కూడ్లి దగ్గర కలిసిన నదులు. అయినా ఆ ఇళ్లలో పెద్దవాళ్లు స్నానానికి కూర్చుని గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి అని పిలిచి చెంబు నీళ్లలోకి ఆహ్వానిస్తారు. చూడని నదితో చుట్టరికం పూజలో ఎప్పుడో కలిసింది. ఇంకో బంధం కూడా ఉంది. ఇటు జనంలో బసవన్న మాట ఇంకా నడుస్తోంది. కేదారనాథ్ ఆలయ పెద్దగా ఉండే రావల్ కర్ణాటక వీరశైవ సంప్రదాయం నుంచే వస్తారు. 2013 జూన్‌లో ఆ గుడి వెనక చోరాబారీ హిమానీనదం దగ్గరి సరస్సు కట్ట తెగి ఊరిని ఊడ్చేసినప్పుడు, ఈ ప్రాంతపు భక్తులకు అది పరాయి చోటు కానే కాదు.

స్విట్జర్లాండ్‌లో వలే ప్రాంతపు ఫీష్, ఫీషర్‌టాల్ గ్రామాల కథ ఇక్కడ పనికొస్తుంది. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన ఆలెచ్ హిమానీనదం ఒకప్పుడు పెరిగి మీదికొస్తుంటే, దాని పక్క సరస్సు పొంగి లోయను ముంచెత్తేది. 1678లో ఆ క్రైస్తవులు మంచు పెరగకుండా చూడమని దేవుడికి మొక్కుకున్నారు, సన్మార్గంలో నడుస్తామని ప్రమాణం చేశారు. తరాలు ఆ మొక్కు చెల్లించాయి. చివరికి మంచు తరిగి, నీటి కరువు భయం మొదలైంది. తాతలు చేసిన ప్రమాణం కనుక సొంతంగా మార్చుకోలేక, 2009లో మొక్కు తిరగరాసేందుకు పోప్ అనుమతి కోరారు. అనుమతి వచ్చింది. ఇప్పుడు మంచు నిలవాలని ప్రార్థిస్తున్నారు. కళ్ల ముందు జరిగినదాన్ని ఒప్పుకుని ప్రార్థననే సరిదిద్దుకున్న ఆ పల్లెల భక్తి గౌరవించదగినది.

మన శాస్త్రంలో అలాంటి దిద్దుబాటు కూడా అక్కర్లేదు. లోకం అనిత్యమన్న బోధ, నా కోరిక కోసం నేను దేన్నీ పట్టుకుని వేలాడకుండా చేయడానికి పుట్టింది. బొగ్గు, పెట్రోలు మండించి నలుగురి నీటిని మనమే తరిగిస్తూ, ఎలాగూ పోయేదే కదా అనడానికి కాదు. అది వైరాగ్యం పేరుతో చేసే తప్పించుకోలు. చావు సహజమని తెలిసిన వైద్యుడు మందు ఇవ్వడం మానడు. సుందరానందకు ఆ మంచు మీద ఏ హక్కూ లేదు, అక్కర్లేదు కూడా. తనకేమీ కావాలని లేని మనిషి కనుకనే ఏళ్ల తరబడి అదే చోట నిలబడి, ఉన్నది ఉన్నట్టు చూపించగలిగారు. ఆ ఫొటోలు ఆయన తపస్సుకు అడ్డం వచ్చాయనడం కంటే, తపస్సులో సగం అవేనని చెప్పడం న్యాయం.

ఇదే తుంగభద్ర ఒడ్డున, హంపీని ఏలిన రాయల కొలువులో పెద్దన చెప్పిన ప్రవరుడి కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని, అడుగు నొవ్వకుండా హిమాలయం చేరాడు. మంచుకు పసరు కరిగిపోయాక తిరుగు దారి తెలియలేదు. ఇవాళ కేదారానికి అలాంటి పసరు హెలికాప్టర్. గోముఖం వైపు మాత్రం రోజుకు 150 మందినే పంపుతున్నారు. ఆ లెక్క మొక్కుకు అడ్డుపడుతోందని విసుక్కునే యాత్రికులు, అది మొక్కులో భాగమని అనుకుని చూడాలి. సింధనూరు నుంచో, తుర్విహాళ నుంచో కేదారానికి బయల్దేరే బృందాలు రైలు టికెట్లు తీసుకునే నాడే నడకా, హెలికాప్టరా అన్నది తేల్చుకోవడం మంచిది. మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లు హెలికాప్టర్‌లోనో, పల్లకీలోనో వెళ్లక తప్పదు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు గౌరీకుండ్ నుంచి నడవాలి, తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తమ సంచిలోనే కిందికి తేవాలి.